నిద్ర లేచిన లాప్‌టాపు మందగించుట – నేర మెవరిది?

మా పాఠశాల కంప్యూటరు గదిలో ఈ విద్యాసంవత్సరమున మేము మిక్కిలి తరచుగా వినిన మాట పాఠమును గూర్చినది కాదు. "సార్, ఇది లేచినది గాని కదలుట లేదు" అనునదియే ఆ మాట. ఒక తరగతి పిల్లలు పని ముగించి లాప్‌టాపు మూత మూసి పోవుదురు. మరియొక తరగతి వారు వచ్చి మూత తెరచెదరు. తెర వెలుగును, వెనుకటి వారు విడిచిన చిత్రము విడిచినట్లే యుండును. అంతవరకు బాగుగనే యున్నది. కాని బాణపు గుర్తును జరుపబోయినచో నది బురదలో దిగిన బండివలె ఆగి యాగి జరుగును. వాక్యమంతయు టైపు చేసి ముగించిన పిమ్మట గాని దాని మొదటి యక్షరము తెరపై కానరాదు. 40 నిమిషముల పీరియడులో 15 నిమిషములు ఈ విధముగనే వ్యర్థమగుచున్నవి.

ఇట్టి సమయమున మన మిచ్చు తీర్పులు మూడు. యంత్రము పాతబడినది, క్రొత్తది కొనవలె ననునది మొదటిది. వైరసు పట్టినదనునది రెండవది. ఎవడో పిల్లవాడు ఆటలెక్కించి పాడుచేసినాడనునది మూడవది. ఒక్కొక్కప్పుడు ఈ మాటలు నిజములే కావచ్చును. కాని విచారణ లేక యిచ్చెడి తీర్పు నిజమైనను న్యాయము కానేరదని మా యభిప్రాయము. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ఎవనిమీదను నేరము స్థాపింపరాదని మోషే ధర్మశాస్త్రమును ఆదివారపు బడిలో బోధించుచు, సోమవారమున కంప్యూటరు గదిలో సాక్షి యొక్కడైనను లేకయే తీర్పు చెప్పినవారము మేమే. ఆ సంగతి దాచక యిచట వ్రాయుట న్యాయమని తోచినది.

దసరా సెలవులకు ముందు మాట. 3వ సంఖ్య గల లాప్‌టాపు నిద్ర లేచినపుడెల్ల మందగించుచుండెను. ప్రొద్దుట మేము స్వయముగా స్విచ్చి వేసి నడిపిన వేళ దానియందు ఏ లోపమును కానరాకుండెను. మధ్యాహ్నము తొమ్మిదవ తరగతి వారి చేతికి వచ్చిన పిమ్మటనే ఆ జబ్బు బయటపడుచుండెను. ఆ తరగతిలోని బాలు డొకడు పెన్‌డ్రైవు తెచ్చి పాటలు వినుట మేమొకసారి చూచియుంటిమి. ఇంకేమి కావలెను? ప్రొద్దుట బాగుగ నున్నది, మధ్యాహ్నము చెడినది, నడుమ ఆ బాలుడున్నాడు. కావున వాడే కారణమని నిశ్చయించితిమి. రెండు వారములు వానిని కంప్యూటరు గదికి రానీయక, ఆ పీరియడున వరండాలో కూర్చుండి చేతివ్రాత వ్రాయుమని శిక్ష విధించితిమి.

వాని తల్లి బీడీలు చుట్టి జీవించునామె. తండ్రి గల్ఫు దేశమునకు పనికి పోయియున్నాడు. ఆమె యొకనాడు బీడీల చాట ఇంట దించి వచ్చి, మా యెదుట నిలిచి, "సారూ, మా పోరడు గసొంటోడు గాదు. ఏం జేసిండో జూపెట్టుండ్రి, నేనే దండిస్త" అనెను. చూపుటకు మాయొద్ద ఏమియు లేకుండెను. యంత్రము మందముగా నున్నదని చూపగలిగితిమి గాని, బాలుడు చేసినదానిని చూపలేకపోతిమి. ఆమె మారు పలుకక వెడలిపోయెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదన్న నతిశయోక్తి కాదు.

మరునాడు అదే తరగతిలోని బాలిక యొకతె మాయొద్దకు వచ్చెను. ఈమె తరగతిలో ఎక్కువగా మాటలాడునది కాదు. "సార్, ప్రొద్దున మీరు స్విచ్చి వేసినపుడు తెరమీద ఏదో ఇంగ్లీషు వ్రాత వచ్చును గదా, అప్పుడు మీరు వైరు త్రిప్పి మరల పెట్టెదరు గదా, మా పీరియడులో ఆ వ్రాత రాదేమి?" అని యడిగెను. నెలలకొలది ప్రతి యుదయమును మేము చేయుచున్న పనిని మేమే గమనింపలేదు. ఆ బాలిక కిటికీ ప్రక్కనుండి గమనించినది.

కొన్ని రకముల లాప్‌టాపులకు ఛార్జరు మొన నడుమ సూదివంటి సన్నని కడ్డీ యొకటి యుండును. బ్యాటరీని నింపు విద్యుత్తు వచ్చునది దాని వలన కాదు. ఈ ఛార్జరు ఎన్ని వాట్లది యను సమాచారము దాని ద్వారా యంత్రమునకు తెలియును. ఆ కడ్డీ వంగినను విరిగినను యంత్రము తన ఛార్జరును గుర్తింపలేదు. గుర్తింపనపుడు, ఇది బలహీనమైన ఛార్జరు కావచ్చునని శంకించి, ప్రాసెసరు వేగమును బిగబట్టి యుంచును. క్రొత్తగా స్విచ్చి వేసినపుడు యంత్రము తన భాగముల నన్నిటిని పరీక్షించుకొని, ఛార్జరు జాడ తెలియలేదని తెరపై హెచ్చరిక చూపును. నిద్రనుండి లేచునపుడు ఆ పరీక్షయు లేదు, ఆ హెచ్చరికయు లేదు. మా పిల్లలు మూత మూసినపుడు వైరు తీసి చుట్టిపెట్టుచుండిరి. తెరచినపుడు మరల గ్రుచ్చుచుండిరి. వంగిన కడ్డీ సరిగా ఆనని నాడు యంత్రము చెప్పక చేయక మందగించుచుండెను.

మేము టాస్క్ మేనేజరు తెరచి చూచితిమి. 2.4 గిగాహెర్ట్జు వేగము గల ప్రాసెసరు 0.79 కడ నిలిచి, ఎంత పని చెప్పినను ఆ గీటు దాటకుండెను. ఛార్జరును ఊడదీయగనే వేగము తిరిగి వచ్చెను. ప్రక్క యంత్రపు ఛార్జరును, అన్నే వాట్లది, తెచ్చి పెట్టగా వేగము తగ్గలేదు. వంగిన ఛార్జరును మరల పెట్టగా మరల తగ్గెను. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు చేసి చూచి, ఇంక సందేహము లేదని తేల్చుకొంటిమి.

తొమ్మిదవ తరగతి యెదుట ఆ బాలుని క్షమాపణ కోరితిమి. సాయంకాలము వాని యింటికి పోయి తల్లితోను చెప్పితిమి. ఆమె చాయ పోసి యిచ్చెను. "పోనీ సారూ" అని మాత్రము అనెను.

ఒక యంత్రపు జబ్బు అన్ని యంత్రములకు జబ్బు కాదు. మిగిలిన వానిలో ఛార్జర్లు సరిగనే యున్నవి, అయినను అవియు లేచి మందగించుచునే యున్నవి. కావున నిద్ర యననేమో మొదట తెలిసికొనవలెను.

మనము నిద్ర యని పిలుచు స్థితిలో యంత్రము పని మానును గాని తాను చేయుచున్న పనిని మరువదు. ఆ జ్ఞాపకము ర్యామ్ అను చిప్పులలో నుండును. నేడు వాడుకలోనున్న ఈ జాతి జ్ఞాపకమును ఐ.బి.ఎం. సంస్థలోని ఇంజనీరు రాబర్టు డెన్నార్డు 1966లో ఊహించి, 1968లో పేటెంటు పొందెను. ఇందు ప్రతి యంశమును సూక్ష్మమైన విద్యుదావేశముగా నిలుచును. ఆ యావేశము కారిపోవుచుండును గనుక సాధారణముగా 64 మిల్లీసెకండ్లకొకసారి దానిని మరల నింపవలెను. నల్లబల్లపై సుద్దతో వ్రాసిన యక్షరములు గాలికి రాలిపోవుచుండగా, ఒక బాలుడు క్షణక్షణము అవే యక్షరములను మరల దిద్దుచున్నట్లు ఊహింపుడు. తరగతి యంతయు ఇంటికి పోయినను ఆ బాలుడు మాత్రము బల్లకడనే యుండును. ఇది స్లీపు. అట్లుగాక, బల్లమీది వ్రాతనంతయు నోటుపుస్తకములోనికి ఎక్కించుకొని, దీప మార్పి, అందరును ఇంటికి పోయి, మరునాడు పుస్తకము చూచి బల్లమీద మరల వ్రాసినయెడల అది హైబర్నేటు. మొదటిది త్వరగా లేచును గాని నిద్రలోను కొంచెము విద్యుత్తు త్రాగును. రెండవది నిదానముగా లేచును. నిద్రలో దానికి విద్యుత్తు దాదాపు అక్కరలేదు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్టు, తోషిబా సంస్థలు కలసి ప్రకటించిన ఏ.సి.పి.ఐ. యను నిబంధనలలో ఈ నిద్రలకు సంఖ్యలు గలవు. మొదటిది ఎస్‌3, రెండవది ఎస్‌4.

ఇటీవలి లాప్‌టాపులలో మరియొక నిద్ర వచ్చినది. 2012లో విండోసు 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై యను పేర వెలసి, 2015లో విండోసు 10తో మోడర్న్ స్టాండ్‌బై యను రూపము దాల్చినది. ఇది సెల్‌ఫోను పడుకొను రీతి. తెర ఆరును గాని యంత్రము పూర్తిగా పడుకొనదు. నడుమ నడుమ లేచి ఉత్తరములు వచ్చెనా, అప్‌డేట్లు ఉన్నవా యని చూచుకొనును. మన పెద్దలు కోడికునుకు అందురే, అది. దీనివలన సౌకర్యము లేకపోలేదు. కాని మూత మూసితిమి గదా, పడుకొన్నది గదా యని సంచిలో పెట్టినచో, గాలి యాడని ఆ సంచిలో అది మేల్కొని పనిచేసి వేడెక్కును. మా సహోపాధ్యాయు లొకరు వేసవి యెండలో, ఉష్ణము 45 డిగ్రీలను తాకు దినములలో, బీర్పూర్ నుండి జగిత్యాలకు మోటారు సైకిలుపై పోయి సంచి విప్పగా, లాప్‌టాపు ఇస్త్రీపెట్టెవలె నుండెనట. అట్లు వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. దానిని అరగంట నీడలో, గాలి తగులునట్లు ఉంచినచో స్వస్థత పొందును. ఇందు వైరసు ఏదియు లేదు. ప్రయాణమునకు పోవువారు స్లీపు గాక హైబర్నేటో పూర్తి షట్‌డౌనో చేసికొని పోవలెనని మాత్రము చెప్పుచున్నాము.

ఇక మా గదిలోని పాత యంత్రముల సంగతి. నిద్ర లేచిన తోడనే వానిమీద పడు పని యింతంత కాదు. తెరను, వైఫైని, మౌసును నడుపు డ్రైవర్లు ఒక్కొక్కటి తిరిగి సిద్ధము కావలెను. నిద్రలో దాటిపోయిన అప్‌డేటు వేళలు గుర్తునకు వచ్చును. వైరసులను వెదకు ప్రోగ్రాము తన వెదకుట మొదలిడును. బ్రౌజరులో విడిచిన పండ్రెండు పేజీలును తమ్ము తాము తాజా చేసికొనగోరును. ఎండకాలము ఊరి బోరింగుకడ బిందెలన్నియు ఒక్కసారి చేరినట్లు ఇవన్నియు హార్డు డిస్కు కడ చేరును. మా లాప్‌టాపులలోని డిస్కులు నిమిషమునకు 5400 మార్లు తిరుగు పళ్లెములు. వానిమీది సూది ఒక చోటినుండి మరియొక చోటికి జరిగిన గాని చదువలేదు. పది ప్రోగ్రాములు పది చోట్లు అడిగినచో కాలమంతయు జరుగుటకే సరిపోవును. ఇట్టి వేళ పిల్లలు ఏమి చేయుదురనగా, కదలలేదని కోపించి మౌసును టకటక పది మార్లు నొక్కుదురు. పది నొక్కులును పది బిందెలై వరుసలో చేరును. చేతులు కట్టుకొని అయిదు నిమిషములు ఊరకుండుట మా పిల్లలకు నేర్పవలసిన కంప్యూటరు పాఠములలో మొదటిదని మేము నమ్ముచున్నాము. అది కష్టతరమైన పాఠమని యెరుగుదుము.

ఆ అయిదు నిమిషములు వ్యర్థముగా పోనక్కరలేదు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును కలిపి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందు ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు అని గడులుండును. డిస్కు గడి 100 శాతము చూపుచు తక్కినవి తక్కువగ నున్నచో బిందెల వరుస యింకను తీరలేదని యర్థము, కొంతసేపటికి తీరును. ఎంతసేపటికిని తీరకున్న, డిస్కు ముదిరినదేమో చూడవలెను. మెమరీ గడి నిండియున్నచో అవసరము లేనివి మూసివేయవలెను. 4 జీబీ ర్యామ్ గల యంత్రమునకు పండ్రెండు బ్రౌజరు పేజీలు మోయుట శక్తికి మించిన పని. గడులేవియు నిండకయే యంత్రము ఈడ్చుచున్నచో ప్రాసెసరు వేగము చూడవలెను. 3వ సంఖ్య యంత్రము బయటపడినది అక్కడనే. ఈ మూడు పరిశీలనలకు పట్టు కాలము ఒక ప్రార్థనాగీతము పాడునంత.

ఇప్పుడు మమ్ము మిక్కిలి ఆశ్చర్యపరచిన సంగతి చెప్పెదము. ప్రతి సాయంకాలమును మేము యంత్రములను షట్‌డౌను చేయించుచుంటిమి. కావున ప్రతి ప్రొద్దుటను అవి క్రొత్తగా మొదలిడుచున్నవనియే నమ్మియుంటిమి. టాస్క్ మేనేజరులో ప్రాసెసరు వివరముల క్రింద అప్‌టైము అను గుర్తొకటి కలదు. యంత్రపు లోపలి భాగము ఎన్నాళ్లుగా ఎడతెగక నడుచుచున్నదో అది చూపును. మా యంత్రమొకటి నెల దాటినదని చూపెను! విచారింపగా తెలిసినదేమనగా, 2012లో విండోసు 8తో ఫాస్ట్ స్టార్టప్ అను పద్ధతి వచ్చినది. ప్రొద్దుట త్వరగా తెరచుకొనుటకై, షట్‌డౌను చేసినపుడు మన ప్రోగ్రాములు మూసివేయబడును గాని, విండోసు యొక్క లోపలి భాగమును, డ్రైవర్ల స్థితియు డిస్కులో వ్రాసి దాచబడును. మరునాడు అదే తిరిగి ఎక్కును. పై అంగీ విడిచి, లోపలి బనీను నెలకొలది మార్చని వానివలె నన్నమాట. నిద్ర లేచినపుడు తడబడిన డ్రైవరు ఈ షట్‌డౌను వలన బాగుపడదు. తడబాటుతోనే మరునాడును లేచును.

దీనికి మందు రీస్టార్టు. పేరు చూచి చాలమంది రీస్టార్టును షట్‌డౌనుకంటె చిన్న పని యనుకొందురు. ఈ విషయమున అదియే పెద్ద పని. రీస్టార్టు చేసినపుడు లోపలి భాగము కూడ క్రొత్తగా ఎక్కును. షిఫ్టు మీట పట్టుకొని షట్‌డౌను నొక్కినను పూర్తిగా ఆరును. మా గదిలో ఇప్పుడు ప్రతి శుక్రవారము చివరి పీరియడున అన్ని యంత్రములకును రీస్టార్టు నియమము పెట్టితిమి. నియమము పెట్టిన నాటినుండి "లేచినది గాని కదలుట లేదు" అను మాట గదిలో అరుదాయెను. పూర్తిగా పోలేదు.

చిన్న కారణములు కొన్ని గలవు. క్లుప్తముగా చెప్పి విడిచెదము. రాత్రియంతయు స్లీపులో విడిచిన లాప్‌టాపు బ్యాటరీ క్షీణించి, ప్రొద్దుట పొదుపు పద్ధతిలో లేచి మెల్లగ నడుచుచుండును. వైరు పెట్టుటయే చికిత్స. తెర మాత్రమే మినుకుచు అంటుకొని పోవుచున్నచో విండోసు, కంట్రోలు, షిఫ్టు మీటలతో బి అక్షరమును కలిపి నొక్కినచో తెర డ్రైవరు మరల మొదలగును. డ్రైవర్లను, బయోసును కొత్తవి చేసికొనదలచినవారు ఆ యంత్రమును చేసిన కంపెనీ వారి యొద్దనుండియే తీసికొనవలెను గాని, దారిన పోవు వారి యొద్ద తీసికొనరాదు. బయోసు పని నడుచుచుండగా కరెంటు పోయినచో యంత్రమే పోవచ్చును. కావున బ్యాటరీ నిండుగా నున్నపుడే, పెద్దల యెదుటనే చేయవలెను.

దారిన పోవు వారి మాట వచ్చినది గనుక మరియొక మాట. ఒక్క బొత్తాము నొక్కిన మీ యంత్రము గుఱ్ఱమువలె పరుగెత్తునని ప్రకటించుకొను ప్రోగ్రాములను పిల్లలు తెచ్చి యెక్కించుచున్నారు. సంతలో సర్వరోగ నివారిణి యమ్ము వానికిని వీనికిని మేము భేదము కానము. మందగించిన యంత్రముపై మరియొక బరువు మోపి తేలికపరచెద ననుట వింత వైద్యము. కొన్ని యింతకంటె చెడ్డవి, రహస్య పదములను దొంగిలించునవి. మా గదిలో వీనిని నిషేధించితిమి. తలిదండ్రులును ఇండ్లలో నిషేధింపవలెనని మనవి.

తలిదండ్రులను సంబోధించితిమి గనుక ధనము మాటయు దాచరాదు. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, మన రాష్ట్రమున పాఠములు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ల ద్వారా ఇండ్లకు వచ్చినవి. తెరమీది చదువు ఆ నాటినుండి పేదవారి యింటికిని వచ్చి కూర్చున్నది. అప్పటినుండియే కంప్యూటరు చదువుపై తలిదండ్రుల యాశ పెరిగినది. అది మంచి యాశ. ఆ యాశ చూచుకొనియే, మా యంత్రములు మందగించుచున్నవి గనుక ఇంటికి ఇంత యని చందా వసూలు చేసి క్రొత్తవి కొనవలెనని ఈ యేడు ఒక ఆలోచన బయలుదేరినది. మేము దానికి సమ్మతింపము. వేయి బీడీలకు ఇంత యని కూలి తీసికొను తల్లికి ఆ చందా ఎన్ని వేల బీడీలో మనకంటె ఆమెకు బాగుగ తెలియును. యంత్రమును పది నిమిషములు పరీక్షింపక ఆమె యొద్ద చేయి చాచుటకు మనకు అధికారము లేదు. పరీక్షించిన పిమ్మట నిజముగా డిస్కు ముదిరినదని తేలినచో, తిరుగు పళ్లెమునకు బదులు ఎస్.ఎస్.డి. పెట్టించిన చాలును, అందు తిరుగునది ఏదియు లేదు, జరుగు సూదియు లేదు. క్రొత్త లాప్‌టాపు వెలలో అది చిన్న భాగమే. నిద్ర లేచిన పాత యంత్రమునకు దానంత మేలు చేయు మార్పు మరియొకటి మే మెరుగము.

విండోసు 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వారి సాధారణ సహాయము ముగిసినది. అందుచేతనే యంత్రములు మందగించినవని దుకాణములలో చెప్పుచున్నారట. ఇది సరికాదు. సహాయము ముగియుట వలన రక్షణ మరమ్మతులు రాకపోవును. అది గట్టిగా ఆలోచింపవలసిన సంగతియే, ప్రత్యేకముగా యంత్రము ఇంటర్నెట్టుతో కలసియున్నచో. కాని ఆ తేదీ వచ్చినదని ప్రాసెసరు నడక తగ్గదు. రెండు వేరు సంగతులను ఒక్కటిగా కట్టి అమ్ముట వ్యాపారము, విద్య కాదు. ఇంతకును పారవేయవలసి వచ్చినను చెత్తకుప్పలో పారవేయరాదు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నియమావళి ప్రకారము రిజిస్టరయిన వారికే అప్పగింపవలెను.

మా ఉపాధ్యాయులలో కొందరు, ఇన్ని చిక్కులున్నపుడు స్లీపునే నిషేధింపరాదా యని యడుగుచున్నారు. ప్రతి పీరియడు చివర ఆర్పి, ప్రతి పీరియడు మొదట వెలిగించిన తీరిపోవును గదా యని వారి వాదము. వారి మాటలో కొంత న్యాయము కలదు. కాని పాత డిస్కు గల యంత్రము మొదటినుండి తెరచుకొనుటకు పట్టు కాలము నిద్రనుండి లేచుటకు పట్టు కాలముకంటె మిక్కిలి యెక్కువ. దినమునకు ఆరు తరగతులు, ఆరు మార్లు. నిద్రను నిషేధించుట వైద్యము కాదు. పౌలు ప్రసంగము దీర్ఘమగుచుండగా కిటికీలో కూర్చుండి నిద్రించి క్రింద పడిన ఐతుకు కథ మన పిల్లలకు తెలిసినదే. అందు నిద్రది తప్పని కొందరు, ప్రసంగపు దైర్ఘ్యముది తప్పని కొందరు చెప్పుదురు. కిటికీలో కూర్చుండుటయే తప్పని మేము చెప్పుదుము. నిద్రకు చోటును వేళయు ఉండవలెను. పీరియడునకు పీరియడునకు నడుమ స్లీపు, సాయంకాలము షట్‌డౌను, వారమున కొకసారి రీస్టార్టు, సంచిలోనికి పోవునపుడు హైబర్నేటు. ఇంతకంటె కఠినమైన నియమములు మేము కోరము.

గదిలో బల్లమీద ఇప్పుడొక నోటుపుస్తకము పెట్టితిమి. యంత్రము మందగించినపుడు పిల్లవాడు తన పేరు వ్రాయనక్కరలేదు. యంత్రపు సంఖ్య, లేచిన వేళ, ఛార్జరు పెట్టి యున్నదా లేదా, గడులలో ఏది నిండినది, ప్రాసెసరు వేగమెంత, ఎన్ని నిమిషములకు కుదుటపడినది, ఇంతమాత్రము వ్రాసిన చాలును. పేరు వద్దనుటకు కారణము చదువరు లూహింపగలరు. ఆ పుస్తకమును మొదట గీతలు గీసి సిద్ధపరచినది కిటికీ ప్రక్కన కూర్చుండు బాలికయే.

ఆ పుస్తకము ప్రకారము 6వ సంఖ్య యంత్రము మాత్రము మాకింకను లొంగలేదు. దాని ఛార్జరు మంచిది, డిస్కు మంచిది, రీస్టార్టు చేయుచునే యున్నాము. అయినను భోజన విరామము తరువాత లేచిన రోజులలో మాత్రము, అదియు అన్ని రోజులు కాదు, పది నిమిషములు మందముగా నుండి తనంతట తానే కుదుటపడుచున్నది. మధ్యాహ్నపు టెండ ఆ బల్లమీద పడుచున్నదేమో యని ఎనిమిదవ తరగతి వారు బల్లను గోడవైపునకు జరిపిరి. జరిపి నాలుగు దినములే యైనది. సెలవుల తరువాత వచ్చువారు పుస్తకములో 6వ సంఖ్యకు విడిచిన పుటలు నింపవలెను.